మద్యమా, మన్యమా?

విశాఖపట్టణమునకు వచ్చు యాత్రికుడు నేడేమి చూచుచున్నాడు? రామకృష్ణా సముద్రతీరమున 2002 మొదలు ప్రదర్శనశాలగా నిలిచియున్న కురుసుర జలాంతర్గామిని చూచుచున్నాడు. దాని కెదుట 2017లో నెలకొల్పిన యుద్ధవిమానమును చూచుచున్నాడు. మఱునాడు రైలెక్కి సొరంగములు దాటి బొఱ్ఱా గుహలను, అరకులోయను దర్శించి, అచ్చటి కాఫీ త్రాగి, తృప్తుడై మరలుచున్నాడు. ఇవియన్నియు మంచివే. కాని యీ పట్టణము వెనుకనున్న కొండలలో 1879లో ఒక చెట్టుపై విధించిన పన్నునకై జనులు ప్రాణములొడ్డి పోరాడిరని విని మరలువారెందఱు?

ఈ ప్రశ్నను నేడేల యడుగుచున్నామన, దేశదేశములయందు మద్యమునకు వారసత్వపు ముసుగు వేయు వేడుక పెరుగుచున్నది. గోవా ఫెనీ 2009లో భౌగోళిక గుర్తింపును పొందెను. ఇప్పసారాను వారసత్వ మద్యముగా విక్రయింపగలమని మధ్యప్రదేశ ప్రభుత్వము 2021లో ప్రకటించెను. మన మన్యమునను ఇప్పచెట్లు గలవు. మన పట్టణమునకును యాత్రికులు వచ్చుచున్నారు. కావున అట్టి ప్రతిపాదన మన వాకిటికి రాకముందే దానిని గూర్చి యోచించుట వివేకము.

ఈ వేడుకకు గురుపీఠము అమెరికాలోని కెంటకీ రాష్ట్రము. అచ్చటి బూర్బన్ విస్కీ తయారీదారుల సంఘము 1999లో ఒక యాత్రామార్గము నేర్పఱచెను. యాత్రికులు కార్ఖానా వెంట కార్ఖానా తిరుగుదురు. మొక్కజొన్న మొదలగు ధాన్యముల పిండి పులియు తొట్లను, రాగి బట్టీలను, చీకటి గిడ్డంగులలో వరుసలుగా పేర్చిన పీపాలను చూతురు. పీపాలనుండి యేటేట ఆవిరియై పోవు భాగమును అచ్చటివారు దేవదూతల వాటా యందురు. బూర్బన్ అనిపించుకొనవలెనన్న ధాన్యమున నూటికి 51 పాళ్లకు తగ్గక మొక్కజొన్న యుండవలెను. లోపల కాల్చిన క్రొత్త ఓక్ పీపాలోనే నిలువ చేయవలెను. 1964లో అమెరికా శాసనసభ దీనిని తమ దేశపు విశిష్ట వస్తువుగా తీర్మానించెను. తమ చేతిపనిని శాసనముచే రక్షించుకొని, పద్ధతిగా పరులకు చూపుకొను ఆ జాతి నేర్పును మేము మెచ్చకపోము.

కాని చూపునది యెంతయో దాచునదియు అంతయే యుండవచ్చును. 1791లో క్రొత్తగా నేర్పడిన అమెరికా ప్రభుత్వము సారాపై పన్ను వేయగా పెన్సిల్వేనియా పశ్చిమభాగపు రైతులు తిరుగబడిరి. 1794లో వాషింగ్టను సైన్యమును నడిపింపవలసివచ్చెను. 1802లో గాని యా పన్ను రద్దు కాలేదు. పొరుగున టెనెస్సీ రాష్ట్రమున జాక్ డేనియలునకు సారా కాచుట నేర్పినవాడు నియరెస్ట్ గ్రీన్ అను నల్లజాతి బానిస. సీసాపై యజమాని పేరు లోకమంతట వ్యాపించెను. గురువు పేరు 2016 తరువాతగాని లోకమునకు విస్తారముగా తెలియలేదు. చేయి యొకరిది, పేరు మఱియొకరిది. వారసత్వమును అమ్ముకొనుటలో గల ప్రమాదమిదియే.

ఇక మన కథ. గోదావరి మన్యమునందలి రంప ప్రాంతమున కొండవారు జీలుగు, తాటిచెట్లను గీచి యింటి వాడుకకు కల్లు దించుకొనుట తరతరాల యాచారము. మన్సబుదారు దానిపై చిగురుపన్ను వసూలు చేయుచుండెను. ఆబ్కారీ నిబంధనలు వచ్చి ఇంటివాడుకకు కల్లు దించుటను నిషేధించి, ఆ హక్కును గుత్తదారులకు వేలమువేసెను. తాత నాటిన చెట్టు మనుమనికి పరాయిదయ్యెను. 1879 మార్చిలో కొండలు రగిలెను. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మున్నగువారు నాయకులైరి. అగ్ని విశాఖ మండలమునందలి గొలుగొండ కొండలకును ప్రాకెను. ప్రభుత్వము పటాలములను పంపెను. పోరు 1880 వఱకు సాగెను. అమెరికా రైతుల తిరుగుబాటును ఆ దేశపు బాలురు పాఠమున చదువుదురు. మన చిగురుపన్ను మాటను మన బాలు రెందఱెఱుగుదురు?

ఇచ్చట నొక యాక్షేపణ రావచ్చును. కల్లుకొఱకు జరిగిన పోరాటమును కొనియాడుట మద్యమును కొనియాడుట గాదా యని. కాదు. అదే మన్యమున 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి ఠాణాను ముట్టడించిన అల్లూరి సీతారామరాజు కొండవారికి త్రాగుడు మానుడని బోధించినవాడే. ఒకరు కల్లు దించుకొను హక్కుకై పోరాడిరి, వేఱొకరు కల్లు మానుమనిరి. ఇందు వైరుధ్యము లేదు. ఇరువురి పోరాటమును ఒకే ప్రశ్నకు వచ్చి నిలుచును: చెట్టెవరిది? గుత్తదారుదా, గిరిజనునిదా? త్రాగుటయు మానుటయు చెట్టుగలవాని నిర్ణయము కావలెను గాని, గుత్తదారుని లాభనష్టముల లెక్క కారాదు.

పల్లెలకు గుత్తసారా తెచ్చిన చేటును తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు 1992లో లేవదీసిన యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసెను. 1997లో నిషేధము సడలెను. ఆ తల్లుల బాధ సడలలేదు. వారి కన్నీటినాటి కథ యింకను వాడనేలేదు. అట్టి నేలపై ఇప్పసారా సీసాకు అందమైన చీటి నంటించి, ప్రక్కన గిరిజన స్త్రీని థింసా నాట్యమాడించి, దానికి వారసత్వమని పేరిడుట మాకు సమ్మతము గాదు.

మఱి చేయదగిన దేమి? చెట్టును చూపుడు, చెట్టెక్కు చేతిని చూపుడు. మోకు కట్టుకొని తెల్లవాఱక మున్నే తాడెక్కువాని పనిలో నెంత శాస్త్రము గలదో పట్టణవాసి యెఱుగడు. గెలను ఏ దినమున నొత్తవలెను, ఎంత పలుచగా గీయవలెను, లొట్టిలోపల సున్నము పూసిన నీరా యెట్లు పులియక తియ్యగా నిలుచును, పొయ్యిమీద కాచిన తాటిబెల్లమెట్లగును అనునవి పుస్తకమున లేని విద్యలు. యాతవారు, శెట్టిబలిజలు, గౌడులు, ఈడిగలు వీనిని ప్రాణములకు తెగించి కాపాడిరి. తాడిపై నుండి జాఱిపడి నడుములు విరిగినవారి యిండ్లు మన పల్లెలలో తక్కువ గాదు.

ఇది యసాధ్యముగాదు. 2023 మే మాసమున హైదరాబాదునందు హుస్సేనుసాగరపు టొడ్డున నీరాశాల నొకదానిని తెఱచిరి. మన మన్యమున పందిరిమామిడి ఉద్యానపరిశోధనాకేంద్రమున తాటి, నీరాలపై పరిశోధన జరిగియున్నది. అరకుకాఫీ 2019లో భౌగోళిక గుర్తింపు నొంది, కొండరైతు పంట సారాయి లేకయే లోకఖ్యాతి పొందగలదని నిరూపించినది. విద్య యున్నది, వస్తువున్నది, యాత్రికుడును వాకిట నున్నాడు. లేనిది సంకల్పము.

కావున మా కోరికలు మూడు. విశాఖనుండి అరకునకు పోవు దారిలో తాడి, జీలుగు, ఇప్పచెట్ల కథ చెప్పు శాల యొకటి వెలయవలెను. అందు 1879నాటి వీరుల పేళ్లు మొదటిగోడపై నుండవలెను. నీరా, తాటిబెల్లము, ఇప్పగింజల నూనె గీతకార్మికుల, గిరిజనుల సహకారసంఘములే యమ్మవలెను. లాభము వారి యింటికే చేరవలెను. సారాయి విక్రయము ఆ గడప దాటి లోనికి రాగూడదు. దూబగుంట తల్లుల పోరాటమునకు లోపల నొక గోడయైన నుండవలెను.

ఉక్కు కర్మాగారమునకై 1966లో హక్కు హక్కని యెలుగెత్తిన జాతి మనది. కొండవానికిని తన చెట్టుపై నట్టి హక్కే యుండెనని యొప్పుకొనుటకు మనకు జాగేల? యాత్రికుని చేతికి గ్లాసు నిచ్చుట సులభము. వాని చెవికి సత్యమును, వాని నాలుకకు నీరాతీపిని ఇచ్చి పంపుట గౌరవము. విశాఖ పౌరులు గౌరవమునే కోరుదురని మా నమ్మకము.