మిద్దె తోటలో పొలం మందు వద్దు

మిద్దె తోట పెంచుతున్నవాళ్లంతా ఈ పూటే ఒక పని చేయాలి. కుండీల వెనక, మెట్ల కింద, మోటారు గదిలో, వంటింటి సింకు కింద ఎక్కడైనా పెట్టి మరిచిపోయిన పురుగుమందు సీసా ఉందేమో వెతకాలి. అది మంచినీళ్ల బాటిల్లోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో పోసి తెచ్చిన లూజు మందైతే మరీ తొందరపడాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే రేపు చూద్దాంలే అనుకోవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. తొలకరికి గింజలు వేసుకున్నవాళ్ల బెండ, వంగ, బీర పూతకొచ్చే రోజుల్లోనే పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. కళ్లలో పెట్టుకుని పెంచిన మొక్క ఆకులు ముడుచుకుపోతుంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఆ బాధలోనే ఊరెళ్లినప్పుడు బావనో బాబాయినో అడిగి కాస్త మందు తెచ్చుకుంటారు. లేదంటే దగ్గర్లోని ఎరువుల షాపుకెళ్లి "నాలుగు కుండీలకేనండీ, కొంచెం పోసివ్వండి" అంటారు. ఎకరాల లెక్కన అమ్మే మందు నాలుగు కుండీల లెక్కకు దొరకదు కాబట్టి పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి ఒంపడం మొదలవుతుంది. మందు పేరు, మోతాదు, తాగితే ఏమవుతుందో, విరుగుడు ఏమిటో చెప్పే లేబుల్ పెద్ద సీసా మీదే ఉండిపోతుంది. మన ఇంటికి పేరు లేని విషం వస్తుంది.

ఇలా లేబుల్ లేకుండా అమ్మడం 1968 నాటి కీటకనాశినుల చట్టం ప్రకారం నేరం. లేబుల్ మీద ఉండే రంగు గుర్తు అలంకారం కాదు. ఎరుపు ఉంటే అన్నిటికంటే ప్రమాదకరమైన విషం, పసుపు ఆ తర్వాతది, నీలం ఇంకా తక్కువ, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని పెట్టిన గుర్తు అది. ఒంపుకొచ్చిన సీసా మీద ఆ గుర్తు కూడా ఉండదు.

2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి పిల్లలు మధ్యాహ్న భోజనం తిని 23 మంది చనిపోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉందని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. విషం, వంట సరుకు ఒకే చోటికి చేరితే ఏం జరుగుతుందో చెప్పడానికి అంతకంటే దారుణమైన సాక్ష్యం అక్కర్లేదు. మన పల్లెల్లో 'మోనో' అని పిలిచే మందు ఈ మోనోక్రోటోఫాసే. కూరగాయల మీద దాని వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది. పత్తికీ ఇతర పంటలకూ మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అమ్ముతూ వచ్చారు. పత్తిచేను నుంచి మిద్దె మీది వంగమొక్క దాకా దానికి దారి చూపింది మన బంధుత్వాలూ మొహమాటాలే. ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్ మందులను 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా పూర్తిగా ఆపేశారు. ఊళ్లో పాత డబ్బా ఉందని ఎవరైనా ఇవ్వబోతే వద్దని చెప్పాలి. చుట్టమే కదా అని మొహమాటపడే సందర్భం కాదు ఇది.

పొలం మందు పొలానికైనా మంచిది కాదనే వాదన వేరే ఉంది. ఇక్కడ చెప్పేది అంతకంటే సూటి విషయం. పొలంలో మందు కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని లేబుల్ మీద రాస్తారు. మిద్దె తోటలో ఆ ఆగడం ఉండదు. బెండకాయ ఇవాళ కోయకపోతే రేపటికి ముదురుతుంది. పొద్దున మందు కొట్టిన చెట్టు నుంచే సాయంత్రం పోపులోకి రెండు కరివేపాకు రెబ్బలు తుంచుతాం. రసంలోకి నాలుగు కొత్తిమీర కాడలు అవసరమైతే పిల్లను పైకి పంపుతాం. ఏ కుండీకి కొట్టారో, ఎప్పుడు కొట్టారో ఆ పిల్లకు తెలియదు. తాజాగా తినాలని పెంచుకున్న తోటే తాజా విషం తినిపిస్తుంది.

పైగా అది ఉత్త తోట కూడా కాదు, మిద్దె. అక్కడే నీళ్ల ట్యాంకు ఉంటుంది, దాని మూత చాలా ఇళ్లలో సగం విరిగి ఉంటుంది. అక్కడే పిల్లల బట్టలు ఆరేస్తాం. ఎండాకాలంలో వడియాలు పెట్టేదీ, ఆవకాయ మిరపకాయలు ఎండబెట్టేదీ అక్కడే. మూడో అంతస్తు గాలికి స్ప్రేయర్ తుంపర ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. మోనో లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఒంట్లోకి పోవాలంటే తాగనక్కర్లేదు, చర్మం గుండా కూడా పోతాయి. చేతులకు కవర్ లేకుండా, ముక్కుకు గుడ్డ లేకుండా, అద్దాలు తుడిచే స్ప్రే డబ్బాలో మందు కలిపి కొడుతున్నవాళ్లు ముందు తమ ఒంటికే మందు పట్టించుకుంటున్నారు.

గుళికల సంగతి విడిగా చెప్పాలి. రంగేసిన ఇసుకలా ఉండే కార్బోఫ్యూరాన్ గుళికలను "మట్టిలోనే కదా వేసేది, కాయకు తగలదు" అనే ధీమాతో కుండీల్లో చల్లుతున్నారు. నిజం దీనికి సరిగ్గా తలకిందులు. అది వేరు గుండా లోపలికి వెళ్లి, కాడలోకి, ఆకులోకి పాకే మందు. ఆకు నమిలిన పురుగు చావడానికి కారణమే ఆకు నిండా విషం ఉండటం. ఆ ఆకుకూరను ఎంత ఉప్పునీళ్లలో కడిగినా లోపలున్నది పోదు. మట్టి మీద పడ్డ గుళికలను గింజలనుకుని ఏరుకు తిన్న పిచ్చుకలు అక్కడే చచ్చిపోతాయి. కుండీ మట్టిలో ఆడుకునే పసిపిల్ల చెయ్యి నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకున్నా పురుగు చస్తుందా అంటే, చాలాసార్లు చావదు. వంగమొక్కనే చూడండి. పొద్దున్నే వెళ్లి చూస్తే మిగతా మొక్కంతా నిటారుగా ఉండి ఒక్క కొమ్మ చివర మాత్రం వాలిపోయి ఉంటుంది. నీళ్లు చాలలేదనుకుంటాం. వాడిన చోటుకు రెండంగుళాలు కిందికి తుంచి, గోరుతో చీల్చితే లోపల సన్నని సొరంగం, దాని నిండా నల్లటి పెంట, ఆ చివర లేత గులాబీ రంగు పురుగు కనిపిస్తాయి. కాయలోకి దూరేది కూడా ఇదే. ఇది కాడ లోపల ఉంటే పైన కొట్టే మందు దానికెలా తగులుతుంది? వాడిన చివర్లను కనిపించినప్పుడల్లా తుంచి, పుచ్చు కాయలను కోసి, రెండింటినీ సబ్బునీళ్ల బకెట్లో ముంచేస్తే దాని సంతతి అక్కడికి ఆగుతుంది. పదెకరాల వంగతోటలో ఇది కష్టం. పది కుండీల్లో పళ్లు తోముకునేలోపు అయిపోయే పని.

పిండినల్లిదీ ఇదే కథ. ఒంటి మీది తెల్లటి మైనం పొర దానికి కవచం. పాత టూత్‌బ్రష్‌ను సబ్బునీళ్లలో ముంచి రుద్దితే పోయేదానికి ఎర్ర గుర్తు మందు అక్కర్లేదు. దాని తీపి స్రావం కోసం చీమలు కాపలా కాస్తాయి కాబట్టి కుండీ పాదాల కింద నీళ్ల పళ్లేలు పెట్టి చీమలను ఆపితే సగం పని అయినట్టే. మనం కొట్టే విషానికి ముందు పోయేది పేనుబంకను తినే అక్షింతల పురుగులు. పూత మీద కొడితే తేనెటీగలు పోతాయి, ఆ తర్వాత సొర, బీర పిందెలు నిలవక రాలిపోతాయి. అప్పుడు పిందె రాలుతోందని ఇంకో మందు కోసం వెతుకుతారు.

ఎలుకల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. టమాటా ముక్కకు ఎలుకల పేస్టు పూసి తోటలో పెట్టే అలవాటు మన దగ్గర చాలా ఇళ్లలో ఉంది. 2022లో ముంబై మలాడ్‌లో ఒక మహిళ ఎలుకల కోసం మందు రాసి పెట్టిన టమాటానే పరధ్యానంలో నూడుల్స్‌లో వేసుకుని తిని చనిపోయింది. చాలా పేస్టుల్లో ఉండేది ఎల్లో ఫాస్ఫరస్. దీని మోసం ఏమిటంటే, తిన్న రోజు కాస్త వాంతులై తగ్గిపోతాయి, మనిషి తిరుగుతూ ఉంటాడు, గండం గడిచిందనుకుంటారు. రెండు మూడు రోజులకు కాలేయం దెబ్బతినడం బయటపడుతుంది. దానికి విరుగుడు లేదు. తిండి వస్తువు మీద ఎలుకల మందు పూయడం అనే పనినే ఇంటి నుంచి బహిష్కరించాలి. బోను పెట్టండి, కంపోస్టు డబ్బాకు బిగుతు మూత పెట్టండి, టమాటాలను దోరగా ఉన్నప్పుడే కోసి ఇంట్లో పండబెట్టండి.

కోతులకూ పందులకూ భయపడి పెరటి చుట్టూ ఇంటి కరెంటు తీగ లాగేవాళ్లున్నారు. 230 వోల్టుల తీగకు కోతి ఏదో, పక్కింటి పిల్లాడు ఎవరో తెలియదు. తీగ కట్టినవాళ్లే చీకట్లో తగులుకుని పోయిన ఘటనలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వల కట్టుకోండి, ఇనుప జాలీ పెట్టుకోండి. కరెంటు జోలికి మాత్రం పోవద్దు.

'సహజం' అనే మాటను కూడా గుడ్డిగా నమ్మవద్దు. పొగాకు కషాయంలో ఉన్నది నికోటిన్, అది మనిషికీ విషమే. పొగాకు తాకిన చేతులతో టమాటా, మిరప మొక్కలను ముట్టుకుంటే మొజాయిక్ వైరస్ అంటుకోవచ్చు కూడా. ఉమ్మెత్త ఆకుల కషాయాన్ని వంటింటి గిన్నెలో కాచడం ప్రాణాంతకం. చివరికి వేపనూనె అయినా పసిపిల్లల నోట్లో పడితే ఫిట్స్ రావచ్చు. కషాయమైనా నూనె అయినా దానికంటూ వేరే గిన్నె, వేరే గరిటె, మూత ఉన్న వేరే డబ్బా, దాని మీద పేరు ఉండాలి.

ఇంటి తోటకు సరిపోయేవి ఏవంటే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కొద్దిగా సబ్బునీళ్లతో కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టడం. లేదా 50 గ్రాముల వేపగింజల పలుకు దంచి రాత్రంతా లీటరు నీళ్లలో నానబెట్టి వడకట్టి కొట్టడం. తెల్లదోమకు, పేనుబంకకు జిగురు పూసిన పసుపు అట్టలు. బీర, కాకర, జామ పిందెలకు పండు ఈగ గుడ్లు పెట్టకముందే గుడ్డ సంచో కాగితం కవరో తొడగడం. రాలిన పుచ్చు కాయలను తోటలో వదలకపోవడం. ఇవి చేసినా కొన్ని ఆకులకు చిల్లులు పడతాయి, కొన్ని కాయలు పోతాయి. పోనివ్వండి. మచ్చలేని కాయ కావాలన్న పట్టుదలే మనల్ని ఆ షాపు దాకా నడిపిస్తోంది.

పురుగుమందు లేకుండా ఇది కుదిరే పనేనా అని సందేహించేవాళ్లు ఒకప్పటి ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకుల గ్రామాన్ని గుర్తు చేసుకోవాలి. పురుగుమందుల అప్పులతో నలిగిపోయిన ఆ ఊరి రైతులు మందులు మానేసి, వేప కషాయాలతో పత్తి పండించి చూపించారు. పొట్టకూటి కోసం పత్తి వేసిన రైతు అంత తెగువ చేశాడు. జీతం మీద బతుకుతూ సరదాకు పది వంగమొక్కలు పెంచేవాళ్లకు మోనో ఎందుకు?

ప్రభుత్వాలకూ బాధ్యత ఉంది. రాయితీ మీద మిద్దె తోట కిట్లు, విత్తనాలు ఇచ్చే ఉద్యానశాఖలు ప్రతి కిట్‌తో పాటు ఏ మందులు ఇంట్లో వాడకూడదో తెలుగులో ఒక కాగితం పెట్టి ఇవ్వాలి. లూజు మందు అమ్మే షాపుల మీద వ్యవసాయాధికారులు తనిఖీలు పెంచాలి. పాత పురుగుమందు డబ్బాలు ప్రమాదకర చెత్త కిందకు వస్తాయి. వాటిని ఇళ్ల నుంచి విడిగా తీసుకునే ఏర్పాటు మున్సిపాలిటీలు చేయాలి. అంతవరకూ దొరికిన మందును సింకులోనో కాలువలోనో పోయకండి, సీసాను కాల్చకండి, కడిగి మళ్లీ వాడకండి. మూత బిగించి, పైన 'విషం' అని పెద్ద అక్షరాలతో రాసి, తాళం వేసిన చోట పెట్టి, మీ ప్రాంత వ్యవసాయాధికారిని అడగండి.

ఎవరైనా పొరపాటున మందు మింగినా, మీద పడినా, నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, విపరీతమైన చెమట, వాంతులు, చిన్నదైపోయిన కంటిపాప, ఊపిరాడకపోవడం కనిపించినా ఇంటి వైద్యం చేయొద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. మజ్జిగ, కోడిగుడ్డు, చింతపండు నీళ్లు ఏవీ పట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మీ చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, వాళ్ల బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడగండి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో 24 గంటలూ ఉచితంగా సలహా ఇస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్‌కు ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తారు. గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. కాబట్టి ఏ మందో డాక్టరుకు తెలియడం చాలా ముఖ్యం. సీసా మూత బిగించి, కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లండి. లేబుల్ లేకపోతే ఆ మందు ఇచ్చినవాళ్లకు దారిలోనే ఫోన్ చేసి, పేరు అడిగి, కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వండి.