పెద్ద అంకె ఉన్నదే మంచి ఫిల్టరా?

ఆస్టిన్‌లో ఉండేవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. డిసెంబరు వచ్చిందంటే పండగల కంటే ముందు తుమ్ములొస్తాయి. సీడర్ చెట్ల పుప్పొడి ఫిబ్రవరి దాకా వదలదు. మా చిన్నాడికైతే రాత్రంతా దగ్గే. మందులు వాడుతూనే ఉన్నాం. అప్పుడు మాతో ఉన్న అత్తయ్యగారు ఒకరోజు, "నీ పోపుల ఘాటుకేమోనమ్మా" అన్నారు. ఆవిడ మామూలుగానే అన్నారు గానీ నాకు గుచ్చుకుంది. ఆ చలికాలమంతా ఇంట్లో ఎండుమిరపకాయ వేయించలేదు.

మా వారు మాత్రం దుకాణానికెళ్లి, ఏసీకి, హీటర్‌కి కలిపి ఉండే ఆ ఎయిర్ ఫిల్టర్లలో అన్నిటికంటే ఖరీదైనది తెచ్చి బిగించారు. అట్ట మీద మెర్వ్ 13 అని ఉంది. "పిల్లాడి కోసం కదా, డబ్బు చూసుకుంటామా" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇంత పెట్టి కొన్నది ఆరు నెలలైనా రాదా అని ఇద్దరం దాన్ని మర్చిపోయాం.

జూలైలో, బయట నూరు డిగ్రీలు దాటిన రోజున, ఇల్లు చల్లబడటం మానేసింది. బాగుచేసే అతను అటక ఎక్కి చూసి, లోపలి కాయిల్ మంచు గడ్డ కట్టిందన్నాడు. ఫిల్టర్ బయటికి తీస్తే బూడిద రంగు తిరిగి, మధ్యలో లోపలికి వంగిపోయి ఉంది. మెషిన్‌కి గాలి అందడం లేదట. ముక్కుకి దుప్పటి చుట్టి పరిగెత్తమన్నట్టే కదా!

అప్పుడు కూర్చుని అర్థం చేసుకున్నాను. మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నటి రేణువుల్ని పట్టగలదో చెప్పే కొలత. పుప్పొడి, దుమ్ము లాంటి పెద్ద రేణువుల్ని మెర్వ్ 8 చాలావరకు పడుతుంది. 11 ఇంకాస్త సన్నవాటిని, 13 అయితే పొగలో ఉండే అతి సన్న రేణువుల్ని కూడా కొంత పడుతుంది. కొన్ని దుకాణాల్లో ఎఫ్‌పీఆర్, ఎంపీఆర్ అని వేరే అంకెలుంటాయి, ఆ రెండూ మెర్వ్‌తో ఒకటి కావు. ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా 13 వాడమనే చెబుతుంది, కానీ మీ మెషిన్ తట్టుకోగలిగితేనే అంటుంది. ఆ రెండో మాట మేం చదవలేదు.

జల్లెడ సన్నదయ్యేకొద్దీ పిండి దిగడం కష్టమవుతుంది. ఒక అంగుళం మందం ఫిల్టర్‌లో ఆ కష్టం ఎక్కువ. నాలుగంగుళాలది పట్టే చోటుంటే మడతలు లోతుగా ఉంటాయి కాబట్టి 13 పెట్టినా గాలి సులువుగా ఆడుతుంది. మాది ఒక అంగుళమే. అతను మాకు 11 చాలన్నాడు. కొన్ని ఇళ్లలో అదే అంగుళంలో 13 కూడా బాగానే నడుస్తుంది. అందుకే పక్కింటివాళ్లని కాకుండా, ఏసీ సర్వీసుకి వచ్చినవాణ్ణి అడగండి.

నా అభిప్రాయం ఒక్కటే. సమయానికి మార్చిన మామూలు ఫిల్టర్, మర్చిపోయిన ఖరీదైన ఫిల్టర్ కంటే వెయ్యిరెట్లు నయం. పిల్లలకి ఒంట్లో బాగుండకపోతే మనం అపరాధభావంతో కొంటాం. ధర ఎక్కువైతే ప్రేమ ఎక్కువనుకుంటాం. కానీ ఇక్కడ కావలసింది నెలనెలా గుర్తుపెట్టుకోవడం. మేమిప్పుడు రెండు నెలలకోసారి, సీడర్ రోజుల్లో నెలకోసారి మారుస్తున్నాం. గుర్తుపెట్టుకోవడం కూడా నా ఖాతాలోనే పడకూడదని ఆ పని మా వారి ఫోన్‌లో పెట్టించాను. పాత ఫిల్టర్ అంచు మీద ఉన్న సైజు చూసి అదే కొనాలి. వదులుగా ఉంటే గాలి పక్కనుంచి జారిపోతుంది. దాని మీది బాణం గాలి వెళ్లే వైపు, అంటే మెషిన్ వైపు ఉండాలి.

ఇక పోపు సంగతి. ఫిల్టర్ వాసనని ఆపదు, ఘాటు గొంతుకి తగలకముందే పట్టుకోనూ లేదు. అది చిమ్నీ పని. మా పొయ్యి మీది మైక్రోవేవ్ ఫ్యాన్ పొగని బయటికి పంపకుండా మళ్లీ వంటింట్లోకే వదులుతోందని ఇన్నేళ్లకి కనిపెట్టాం. గొట్టం వేయించి బయటికి తిప్పించాం. మీది ఎటు పోతుందో ఒకసారి చూసుకోండి.

చిన్నాడి దగ్గు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. డాక్టరు మందులు అలాగే ఉన్నాయి. ఈ చలికాలం మాత్రం లేచి కూర్చునే రాత్రులు తగ్గాయి. నిన్న ఫ్యాన్ వేసి, పప్పులోకి నాలుగు ఎండుమిరపకాయలతో ఘుమఘుమలాడేలా పోపు పెట్టాను. మావాడు దగ్గలేదు, ఇంకో ముద్ద అడిగాడు.