కంది అనాథ పంట అంట!

కొంచెం పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి. డిగ్రీలో, పీజీలో బోటనీ తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం తప్పకుండా చదవాలి.

రాజీవ్ వార్ష్ణేయ అనే శాస్త్రవేత్త పేరు మనలో చాలామంది విని ఉండరు. ఉత్తరప్రదేశ్ ఆయన. అలీగఢ్‌లో బోటనీ చదివి, మీరట్‌లో పీహెచ్‌డీ చేసి, కొన్నేళ్లు జర్మనీలో పనిచేసి, 2005లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్‌కి వచ్చారు. 2022లో ఆస్ట్రేలియాలోని మర్డోక్ యూనివర్సిటీకి వెళ్లారు. 2015లో భట్నాగర్ అవార్డు, 2023లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చాయి. ఆయనకి పేరు తెచ్చిన పనుల్లో ఒకటి మన కందే. ఎండు తెగులు, వెర్రి తెగులు రెండిటినీ తట్టుకునే 'ఆశ' అనే రకం జన్యుపటాన్ని ఆయన బృందం తయారుచేసి 2012లో నేచర్ బయోటెక్నాలజీ జర్నల్‌లో వేసింది. అందులో 48,680 జన్యువులు లెక్కతేలాయి.

ఇలాంటి పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్‌లో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. వాటిని బట్టి హెచ్-ఇండెక్స్ అని ఒక కొలత ఉంది, 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టింది. మీవి పది పేపర్లు ఒక్కోటీ కనీసం పదిసార్లు సైట్ అయితే మీ ఇండెక్స్ 10. వార్ష్ణేయ గారిది 100 ఎప్పుడో దాటింది. అది మామూలు విషయం కాదు.

అయితే ఆ 2012 పేపర్ టైటిల్‌లోనే కందిని అనాథ పంట అన్నారు. తిట్టు కాదులెండి. పరిశోధనకి డబ్బులు పెట్టేవాళ్లు లేని పంట అని వాళ్ల భాషలో అర్థం. వరికి, మొక్కజొన్నకి ఉన్నంత మంది కందికి లేరు, నిజమే. కానీ పోడులో జొన్న, సామలతో కలిపి కంది వేసి, కొత్త పెట్టకుండా గింజ నోట్లో వేసుకోని అవ్వలు ఉన్న పంట అనాథ ఎలా అవుతుంది?

2017లో అదే బృందం 292 కంది శాంపిళ్ల జన్యువులు చదివింది. వాటిలో రైతులు తరతరాలుగా దాచుకున్న నాటురకాలు కూడా ఉన్నాయి. ఇక్రిశాట్ జీన్ బ్యాంకులో 13 వేలకు పైగా కంది శాంపిళ్లు ఉన్నాయి, ఒక్కోదానికి ఐసీపీ అని ఒక నంబరు. పేపర్‌లో ఆ నంబరు పడుతుంది. గింజ ఇచ్చిన మనిషి పేరు పడదు. ఇది వార్ష్ణేయ గారి తప్పని నేను అనను. తెగుళ్లు తట్టుకునే రకాలు మనకీ కావాలి. లోపం కొలతలోనే ఉంది. అది పేపర్‌ని పేపర్‌తోనే కొలుస్తుంది, గింజ దాచిన చెయ్యి దానికి కనపడదు.

కేరళలో కాణి ఆదివాసీలు 1987లో ఆరోగ్యపచ్చ మొక్క గురించి శాస్త్రవేత్త పుష్పాంగదన్ బృందానికి చెప్పారు. దాంతో తయారైన 'జీవని' మందుని 1995లో కంపెనీకి లైసెన్స్‌కి ఇచ్చినప్పుడు వచ్చే డబ్బులో సగం కాణీలకి అని ఒప్పుకున్నారు. తర్వాత గొడవలు లేవని కాదు. కానీ ఆ సగం వచ్చింది సైటేషన్ వల్ల కాదు, ఒప్పందం వల్ల.

ఇక మన జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల సంగతి. పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకి వచ్చినవాళ్లకి ఇల్లు ఉంది, పోడు లేదు. కొన్నేళ్లు వెయ్యకపోతే కంది గింజ మొలక చచ్చిపోతుంది. ఇంట్లో మూట కట్టి పెట్టుకున్న గింజకి జీన్ బ్యాంకులో ఉండే చల్లగది ఎక్కడిది? 2001 విత్తన హక్కుల చట్టం ప్రకారం రైతులు తమ రకాన్ని సొంత పేరుమీద రిజిస్టర్ చేయించుకోవచ్చు, రైతుకి ఫీజు కూడా లేదు. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

పీజీ ప్రాజెక్టు అనగానే మనోళ్లు గూగుల్‌లో దొరికే ఔషధ మొక్కల లిస్టే మళ్లీ రాస్తున్నారు. దాన్ని ఎవరు సైట్ చేస్తారు? బుట్టాయగూడెం, జీలుగుమిల్లి కాలనీల్లో చుట్టాలు ఉన్నవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు ఇంట్లో ఏ కంది మిగిలిందో అడగండి. రకం పేరు, పాత ఊరు పేరు, దాచినవాళ్ల పేరు రాసుకోండి. కాయితం మీద ఒప్పందం లేకుండా గింజ మాత్రం బయటవాళ్లెవరికీ ఇవ్వకండి.