అద్దె ఇంటి తోట

ప్రతి సంవత్సరము తొలకరి రాగానే మా కళాశాలలో ఒక చర్చ లేచి, దసరా సెలవుల నాటికి అణగిపోవుచున్నది. భవనము వెనుక, ప్రహరీ లోపల తుమ్మ మొలిచిన ఖాళీ స్థలమున్నది. అందులో మొక్కలు పెట్టుదమని విద్యార్థులందురు. "అద్దె భవనము గదా, రేపు ఖాళీ చేయుమన్నచో ఈ శ్రమ ఎవరి పాలు?" అని కమిటీ పెద్దలందురు. పెద్దల మాటలో న్యాయము లేకపోలేదు; లెక్కలు చూడవలసినవారు వారే. అయినను మేము విద్యార్థుల పక్షమే.

ఇంగ్లండులోని కెంట్ ప్రాంతమున, రాల్వెండెన్ గ్రామములో గ్రేట్ మేథమ్ హాల్ అను పాత భవంతి కలదు. 1893లో అది అగ్నిప్రమాదమునకు గురియైనది. రచయిత్రి ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1898లో దానిని అద్దెకు తీసికొనెను. సొంతము కాదు, అద్దె! గోడల నడుమ పాడుపడియున్న పాత తోటను బాగుచేయించి, గులాబీలు నాటించి, అక్కడనే బల్ల వేసికొని వ్రాసికొనెడిది. రాబిన్ అను చిన్న పిట్ట ఒకటి ఆమెకు మచ్చికయైనది. 1907లో ఆ ఇల్లు విడువవలసి వచ్చెను. తరువాత ఎడ్విన్ లట్యెన్స్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి చేతిలో భవంతి రూపమే మారిపోయినది.

అప్పటికి ఆ తోట ఆమెది కాదు. అయినను 1911లో 'ది సీక్రెట్ గార్డెన్' పుస్తకముగా వెలువడినది. పదేండ్లుగా తాళము వేసియున్న తోట, మట్టిలో పూడిన తాళపుచెవి, దానిని చూపించిన పిట్ట, మంచము దిగని రోగిష్ఠి బాలుడు కాలినడకన నిలుచుట, ఇవన్నియు అందులోనివే. బర్నెట్ తన పెద్ద కుమారుడు లయొనెల్‌ను 1890లో క్షయవ్యాధికి పోగొట్టుకొనిన తల్లి. ఆ బాలుడు లేచి నిలుచు ఘట్టమును మేము చదివినపుడెల్ల ఈ సంగతి గుర్తుకు వచ్చును.

ఈ పుస్తకములో మాకు రుచింపని దొకటున్నది. కథానాయిక మేరీ మన దేశములో పుట్టిన ఆంగ్ల బాలిక. ఇక్కడి ఎండ ఆమెను పాలిపోయిన, పెంకి పిల్లను చేసినదట. యార్క్‌షైర్ గాలి బాగుచేసినదట! ఆమెను పెంచిన ఆయా కలరాతో చనిపోవును. మా విద్యార్థులు కథను మెచ్చుకొనుటతోపాటు ఈ మాట కూడ అడుగవలెను. ఆ ఆయా కథను వ్రాయగల పిల్ల మిర్యాలగూడ బస్సులోనే వచ్చుచుండవచ్చును.

ఇక మన స్థలము. గులాబీలు మేము కోరుట లేదు. మన మే నెల ఎండకు అవి నిలువవు. వేప, కానుగ, సీతాఫలము, గోడవారన నాలుగు మల్లెపొదలు చాలును. తొలి రెండు వేసవులు నీరు పోయవలెను, ఇదియే కష్టము. సెలవులలో ఎవరు పోయుదురని కమిటీ అడుగును. ఆ ప్రశ్న మాత్రము సరియైనది. అందులకై విద్యార్థులు వంతులు వ్రాసి మాకిచ్చినారు. సూర్యాపేట వారు గడ్డపారలు తెచ్చెదమనిరి. కోదాడ వారు వేపమొక్కలు తెచ్చెదరు. వెనుక తలుపు తాళపుచెవి కార్యాలయపు బీరువాలో నున్నది, దానిని జూన్‌లో ఇప్పింపవలసినదిగా కమిటీ వారిని కోరుచున్నాము.