ఘాటురోడ్డుపై జీపు దీపాలు



కొండత్రోవలలో తిరిగే జీపులకు అదనపు దీపాలు అమర్చుకొనుట మా ప్రాంతమున ఒక వేడుకగా మారినది. అవి అక్కరలేదని నేననను. కొరాపుట్ చెంత మాకు చిన్న కాఫీతోట కలదు. రోడ్డు విడిచి తోటకు పోవు మట్టిబాటలో వానాకాలపు రాత్రి హెడ్‌లైట్లు మాత్రమే చాలవు. అయితే ఎట్టి దీపము, ఎక్కడ, ఎట్లు బిగించవలెనను విచారణ లేక కొనుటవలన కలుగు ముప్పును గూర్చి నాలుగు మాటలు మనవి చేయగోరుచున్నాను.

గత పుష్యమాసమున సాలూరులో బంధువుల ఇంటినుండి వేకువజామున తిరిగి వచ్చుచుంటిని. సుంకి ఘాటులో ఒక మలుపున, కప్పుమీద పొడుగాటి ఎల్.ఇ.డి. లైట్ బారు వెలిగించుకొని ఒక బండి ఎదురైనది. కండ్లు బైర్లు క్రమ్మినవి. బ్రేకు త్రొక్కితిని. చూపు కుదుటపడిన పిదప చూతును గదా, నా చక్రమునకు మూరెడు దూరమున ఒక గిరిజన స్త్రీ, కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని, పిట్టగోడకు అంటుకొని నిలిచియున్నది. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 11 మీటర్లు సాగును. మూడు సెకన్లు కన్ను కానరాకున్న 33 మీటర్లు గ్రుడ్డిగా నడిపినట్లే. నిందయంతయు ఎదుటివానిపై మోపుట న్యాయము కాదు. అట్టి బారే నా జీపుమీదను ఆనాడుండెను.

దానిని కొన్నప్పుడు నేను చూచినది పెట్టెమీది ల్యూమెన్ల లెక్క ఒక్కటే. దీపమునుండి వెలువడు మొత్తము వెలుగును మాత్రమే ఆ లెక్క చెప్పును. ఆ వెలుగు ఎక్కడ పడునో చెప్పదు. మంచులో కప్పుమీది దీపము వెలిగించిన, గాలిలోని నీటిబిందువులు ఆ వెలుగును తిరిగి మన కంటిలోనికే చిమ్మును. ఎదుట తెల్లగోడ తప్ప మరేమియు కనబడదు. ధూళిలోను ఇదే అవస్థ. అదిగాక బానెట్‌పై పడిన తళుకు చూపును చెరచును.

మంచుకు కావలసినది ఫాగ్ లైటు. దాని వెలుగు వెడల్పుగా పరచుకొని, పైఅంచున కత్తిరించినట్లు ఆగిపోవలెను. దానిని బంపరు ఎత్తున, క్రిందుగా బిగించవలెను. క్రిందినుండి పడు వెలుగులో గుంటల నీడలు పొడుగై బాట ఎత్తుపల్లములు చక్కగా తెలియును. పసుపు కాంతి మంచును చీల్చునని చెప్పుదురు గాని, మంచు బిందువులు ఏ రంగునైనను ఇంచుమించు ఒకే తీరున చెదరగొట్టును. పసుపులో నీలపుపాలు తక్కువ గనుక కంటికి కొంత హాయి, అంతియే. దూరమునకు వెలుగు చిమ్ము స్పాట్ లైటు తిన్నని బయలుదారికి పనికివచ్చును గాని, ముప్పది మీటర్లకొక మలుపు తిరిగే ఘాటులో అది లోయను చూపునే గాని రోడ్డును చూపదు.

బిగించుటలోను జాగ్రత్త వలయును. 55 వాట్ల హాలొజన్ దీపములు రెండు, 12 వోల్టుల బ్యాటరీనుండి తొమ్మిది ఆంపియర్లకు పైగా లాగును. పాత స్విచ్చి తీగకే అతికించిన తీగ కాలును. విడిగా రిలే, బ్యాటరీ చెంతనే ఫ్యూజు, తగినంత లావైన తీగ ఉండవలెను. తరువాత చదును నేలపై గోడకు 25 అడుగుల దూరమున బండి నిలిపి చూడవలెను. ఫాగ్ లైటు వెలుగు పైఅంచు, దీపపు నడిమి ఎత్తుకంటె నాలుగంగుళములు క్రిందుగా పడవలెను. ఇది పది నిమిషముల పని.

చట్టమును మౌనముగా లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమములలో 106వది, 8 మీటర్ల దూరమున ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలుపకుండ వెలుగు క్రిందికి వంగియుండవలెనని చెప్పుచున్నది. 111వది, రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేనిదే బండి ముందుభాగమున స్పాట్ లైటుగాని సెర్చ్ లైటుగాని ఉండరాదనుచున్నది.

కనుక జీపుదారులకు నా విన్నపము: మట్టిబాటకు వాడు దీపములకు మూతలు కొనుడు, తారురోడ్డు ఎక్కగానే వానిని తొడుగుడు. అమ్మువారు ల్యూమెన్లతోపాటు వెలుగు పడు తీరునుగూడ చూపి అమ్మవలెను. రవాణా అధికారులు పగటిపూట కాగితములు చూచుటతో సరిపెట్టక, చలికాలపు వేకువలందు ఘాటు మొదట నిలిచి దీపములనుగూడ పరీక్షింపవలెను.

నా బారును ఆ మరునాడే విప్పించితిని. జీపుకు దీపములున్నవి, గంప మోయు ఆ తల్లికి చేతిలో లాంతరైనను లేదు. మన వెలుగు ఆమెను మనకు చూపుటకు గాని, కనబడకుండ చేయుటకు కాదు గదా!

భవదీయుడు,
ఒక జీపు యజమాని,
కొరాపుట్ (ఒడిశా)