ఐడియా ఒక్కటే చాలదు

సరదాకి గేములు తయారుచేసేవాళ్ళు తోటివాళ్ళ కోసం పెట్టే ప్రకటనల్లో తరచూ ఒకటే మాట: "మంచి ఐడియా ఉంది, మనుషులు కావాలి." అలాంటిదే నమ్మి పోయిన సెలవుల్లో ఒక గేమ్‌కి తెలుగులో, తమిళంలో సంభాషణలు రాశాను. మూడు వారాలకి పిలిచినవాళ్ళే పత్తా లేరు. నా నలభై పేజీలు నోట్‌బుక్‌లోనే ఉన్నాయి.

2009లో గ్లోబల్ గేమ్ జామ్ మొదలైనప్పుడు గడువు 48 గంటలే. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా కలిసి గేములు చేశారు. పని ఎప్పటికి ముగుస్తుందో అందరికీ ముందే తెలుసు కదా!

అందుకే నేననేది, ప్రకటనలో మూడు విషయాలు ఉండి తీరాలి: ఇప్పటిదాకా ఏం చేశారు, ఎన్నాళ్ళ పని, డబ్బు ఇస్తారా లేదా. అవి లేని ప్రకటనని నిర్వాహకులు తీసేయాలి. "నాకు ఈ పని వచ్చు" అనేవాళ్ళకి వేరే చోటు ఇవ్వాలి.

కథ రాయడమూ పనే. ఈ మూడూ అడక్కుండా పెన్ను తీయకండే!