సంక్రాంతి వారంలో కోనసీమ: చూసిందెంత, చేసిందెంత?

అమలాపురం: సంక్రాంతి వారంలో కోనసీమ పల్లెవాసికి క్షణం తీరిక దొరకదు. పని వల్ల కాదు, కాలక్షేపాల వల్ల. 2025 పండుగనే తీసుకుంటే జనవరి 10 నుంచి 14 వరకు ఐదు రోజుల్లో మూడు పెద్ద సినిమాలు వచ్చాయి. 13న భోగి, 14న పెద్ద పండుగ, 15న కనుమ. వీటి నడుమ ముగ్గుల పోటీలు, కోడిపందేల బరులు, రాత్రిళ్లు స్టేజీ డాన్సులు. హైదరాబాదు నుంచి, గల్ఫు నుంచి వచ్చిన పిల్లలతో, కొత్త అల్లుళ్లతో ఇళ్లు నిండిపోయాయి. ఇన్నిటిలో డబ్బు పెట్టి చూసినవి ఎన్ని, ఊరు తన చేతులతో చేసుకున్నవి ఎన్ని అని లెక్క తీస్తే రెండో పద్దులో మిగిలేవి బహు తక్కువ. ఆ మిగిలిన వాటిలో పెద్దది ప్రభ. దాని భవిష్యత్తు ఏమిటన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన సంగతి.

టిక్కెట్టు పండుగ

ముందుగా సినిమాలు. రామ్‌చరణ్ నటించిన ‘గేమ్ ఛేంజర్’ 10న, బాలకృష్ణ ‘డాకు మహారాజ్’ 12న, వెంకటేష్ ‘సంక్రాంతికి వస్తున్నాం’ 14న విడుదలైనవి. మొదటి చిత్రానికి అర్ధరాత్రి దాటాక ఒంటి గంటకు వేసే ప్రత్యేక ఆటకు 600 రూపాయల టిక్కెట్టు పెట్టుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించింది. మామూలు హాళ్లలో టిక్కెట్టుకు 135 రూపాయలు పెంచుకోనిచ్చింది. నలుగురున్న ఇంటికి ఒక్క పెంపు కిందనే 540 రూపాయలు. ఇంత ఆర్భాటంతో వచ్చిన ఆ చిత్రం దొంగ కాపీ రోజులు తిరగకుండానే సెల్‌ఫోన్లలోకి చేరిపోయింది.

చివరకు జనం నెత్తిన పెట్టుకున్నది ఆఖరున వచ్చిన దానిని. ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే కథ, రాజమండ్రి వాతావరణం, అన్నిటికీ మించి ‘గోదారి గట్టు’ పాట దానిని నిలబెట్టాయి. చాలాకాలం సినిమా పాటకు దూరంగా ఉన్న రమణ గోగుల దానిని మధుప్రియతో కలిసి పాడారు. (గోదారి పాటకు గొంతు కలిపిన మధుప్రియది తెలంగాణలోని గోదావరిఖని కావడం విశేషం.) సినిమా రావడానికి నెల ముందే ఆ పాట ఫోన్లలో మోగిపోయింది. అత్తలూ కోడళ్లూ, చిన్నా పెద్దా అనే తేడా లేకుండా దానికి అడుగులు వేసి వీడియోలు పెట్టుకున్నారు. ఆ సినిమాయే మార్చి 1న టీవీలో వచ్చింది. ఆరేడు వారాలు ఓపిక పట్టినవారికి టిక్కెట్టు డబ్బులు మిగిలాయి.

ఇందులో సినిమాను తప్పు పట్టవలసినదేమీ లేదు. పండుగకు సినిమా చూడడం గోదావరి జిల్లాలలో ఈనాటి అలవాటు కాదు. మారినదల్లా మిగిలిన వాటి పరిస్థితి. తెల్లవారుజామున అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని, చిడతలు వాయిస్తూ నడిచివచ్చే హరిదాసు కొన్ని ఊళ్లలో మోపెడ్ మీద వస్తున్నాడు. కీర్తన బండికి కట్టిన మైకు పాడుతుంది, ఆయన బండి నడుపుతాడు. ఆయన్ని ఎగతాళి చేసి లాభం లేదు. ఇంటికి ఇంత బియ్యం పెట్టే రోజులు పోయాక పది ఊళ్లు తిరిగితే తప్ప ఆయనకు గిట్టుబాటు కాదు.

కోడిపందేల మాట చెప్పనక్కరలేదు. 1974 నాటి జూద నిరోధక చట్టం, జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధించే 1960 నాటి చట్టం రెండూ అమలులోనే ఉన్నవి. ప్రతి ఏటా పండుగకు ముందు పోలీసుల హెచ్చరికలూ వస్తాయి. ఆ మూడు రోజులూ బరులకు మాత్రం లోటుండదు. అక్కడ చేతులు మారే సొమ్ముతో పోల్చితే సినిమా టిక్కెట్టు చిల్లర కిందే లెక్క. దానిని వినోదమనడం కన్నా జూదమనడమే సబబు.

పదకొండు ఊళ్లు, ఒక తోట

కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. కోనసీమలో మాత్రం ఆ రోజు దేవుళ్లే పొలిమేర దాటుతారు. అంబాజీపేట మండలం మొసలపల్లి శివారున ఉన్న జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల నుంచి ఏకాదశ రుద్రుల పేరిట ప్రభలు తరలివస్తాయి. ఆ తోటలో గుడి లేదు. ఉన్నవి కొబ్బరిచెట్లే. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యమిస్తాడు. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడి ప్రభ రాగానే అప్పటికే వచ్చి కూర్చున్న ప్రభలను గౌరవంగా ఒకసారి పైకి లేపుతారు. ఇరుసుమండ, వక్కలంక, పెదపూడి, ముక్కామల, నేదునూరు, పాలగుమ్మి, పుల్లేటికుర్రు, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం మిగతా ఊళ్లు. ఈ సంప్రదాయం నాలుగు వందల ఏళ్లనాటిదని పెద్దలు చెప్పుకుంటారు.

ప్రభను చూసినవారికి దాని అందం తెలుస్తుంది, కట్టినవారికి దాని బరువు తెలుస్తుంది. అడుగున మోసే దూలాలు, పైన వంచి కట్టిన వెదురు, దానిమీద కొత్త బట్టలు, రంగుదారాలు, గంటలు, పూలు, వరికంకులు. వెదురును ఎక్కడ చీల్చాలి, ఎంత వంచితే విరగదు, ఏ ముడి నడకలో సడలదు అన్నవి ఏ పుస్తకంలోనూ ఉండవు. చక్రాలు లేవు, బండి లేదు. భుజాలే ఆధారం. ‘అశ్శరభ, శరభ’ అంటూ పదుల మంది ఒక్క అడుగుగా నడవాలి. ఒకరు తడబడితే ప్రభ మొత్తం ఊగుతుంది.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలది మరీ కష్టమైన దారి. పచ్చని వరిచేల గుండా నడిచి, కౌశికలో దిగి నీటిలోనుంచి ఆవలి గట్టుకు చేరుకుంటాయి. చేను తొక్కుడు పడినందుకు రైతు నష్టపరిహారం అడగడు సరికదా, ప్రభ తన చేలోనుంచి వెళ్లడం మంచిదని సంతోషిస్తాడు. గట్టు తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగే సీమలో ఇది చిన్న విషయం కాదు. ప్రభలు వెళ్లే దారిలో తీగలు అడ్డం వచ్చేచోట కరెంటు ఆపుతారు. ఆ కాసేపు ఆ వీధిలో టీవీలు కూడా ఆగిపోతాయి.

ప్రసిద్ధి పెరిగింది, మరి చేతులు?

2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో నడిచింది ఈ ప్రభల తీర్థమే. (అక్కడ చక్రాల మీద వెళ్లింది, అది వేరే సంగతి.) కౌశికలో దిగిన ప్రభను పైనుంచి తీసిన డ్రోన్ దృశ్యాలు ఏటా లక్షలాది ఫోన్లకు చేరుతున్నవి. ఆ విధంగా ప్రభ కూడా సినిమా పాట మాదిరిగానే జనం ఫోనులో చూసి ముందుకు తోసే వినోదాలలో ఒకటిగా చేరింది. తీర్థానికి వచ్చే జనమూ పెరిగారు. జీళ్లు, ఖర్జూరం అమ్మేవారికి, ఆటవస్తువుల దుకాణాలకు బేరాలు బాగున్నవి.

అయితే చూసేవారు పెరిగినంత మాత్రాన కట్టేవారు పెరగరు. కోనసీమ యువకులు ఉద్యోగాలకు హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫు దేశాలు పట్టిపోయారు. పండుగకు వచ్చినవారు భుజం పట్టడానికి వెనుకాడడం లేదు, అందుకు వారిని మెచ్చుకోవాలి. కాని భుజం పట్టే పని ఒక్కరోజుది. వెదురు తెచ్చి, చీల్చి, కట్టే పని అంతకు ముందు రోజులది. అప్పటికి వారు రైల్లోనో విమానంలోనో ఉంటారు. దానివల్ల కట్టడం పెద్దవారి మీద, మోయడం కుర్రవారి మీద పడుతున్నది. మోసేవారికి కట్టడం రాకపోతే, కట్టే తరం వెళ్లిపోయిన తరువాత ప్రభకు కాంట్రాక్టరును వెతుక్కోవలసి వస్తుంది. పెళ్లి పందిరి సంగతి అలాగే జరిగింది. ఒకప్పుడు ఇరుగుపొరుగు కలిసి వేసే తాటాకు పందిరి పోయి షామియానా కంపెనీ వచ్చింది. పందిరి అద్దెకు దొరుకుతుంది కాబట్టి పెళ్లి ఆగలేదు. ప్రభ సంగతి అంత తేలిక కాదు. ఊరివారు కట్టకపోతే అది ఊరి ప్రభ ఎలా అవుతుంది?

డబ్బుతో తీరే ఇబ్బంది కాదిది. ప్రభల అలంకరణకు చందాలు వస్తూనే ఉన్నవి, విదేశాల్లో ఉన్నవారు ధారాళంగానే పంపుతున్నారు. చందా ఎక్కువైన కొద్దీ దీపాలు, బాణసంచా, డీజే మోత పెరుగుతున్నవి. సన్నాయి మేళం, గరగలు ఆ మోతలో వినపడడం లేదని, కనపడడం లేదని పెద్దలు వాపోతున్నారు. ఆ చందాలో కొంత ముందు రోజుల పనికి మళ్లించడం ఉత్సవ కమిటీల చేతిలో పని. కట్టడం తెలిసిన పెద్దలకు కూలి అని కాకుండా గురుదక్షిణగా కొంత ముట్టజెప్పి, వారి పక్కన నలుగురు పిల్లలను కూర్చోబెట్టవచ్చు. పలు ఊళ్లలో పిల్లలు సరదాకు చిన్న ప్రభలు కట్టుకుని వీధుల్లో తిప్పుతూనే ఉన్నారు. ఆ సరదాను పట్టించుకుని వెదురుబద్ద చేతికిచ్చేవారే కావాలి.

వేళ కూడా కుదురుతుంది. 2025లో బడులకు జనవరి 10 నుంచి 19 వరకు సెలవులిచ్చారు. మొదటి సినిమా వచ్చిన రోజు నుంచి కనుమ ముందు రోజు వరకు, అంటే మూడు సినిమాలూ వచ్చిన ఆ ఐదు రోజులూ, పిల్లలు ఇంటి వద్దనే ఉన్నారు. సినిమాకు మూడు గంటలు పోయినా వెదురు దగ్గర కూర్చోవడానికి బోలెడు పొద్దు మిగిలింది.